వంకాయరంగు పాదాలు

తమిళుల పెరటాసి నెల వస్తే మా ఇంటి ముందర రోడ్డంతా పసుపుమయం. గుడియాత్తం నుంచి, పరదరామి నుంచి, వేలూరుకు అవతలి ఊళ్ల నుంచి తమిళ జనం గుంపులు గుంపులుగా నడిచి కొండకు పోతారు. పసుపు పంచెలు, పసుపు చీరలు, మెడలో తులసిమాల, నెత్తిన చిన్న మూట. చాలామందికి చెప్పులుండవు. ముందర నడిచే పెద్దాయన ‘గోవిందా’ అంటే వెనకాల వాళ్లు ‘గోవిందా’ అని అందుకుంటారు. ఆ నెలంతా మా ఇంట్లో గడియారానికి పని లేదు. తెల్లారుజామున మొదటి గోవింద వినబడితే లేచిపోవడమే.

మా ఇల్లు చిత్తూరు దాటి పూతలపట్టు పోయే దారిలో, రోడ్డుకు ఆనుకొని ఉండేది. అక్కడి నుంచి తిరుపతి ఇంకా 60 కిలోమీటర్ల పైమాటే. మా అరుగు దగ్గరికి వచ్చేసరికి నడిచేవాళ్లలో సగంమంది కుంటుతా ఉండేవాళ్లు. సరిగ్గా మా ఇంటి ముందరే కాళ్లు మొరాయించేవి ఎందుకో. అక్కడ మా అమ్మ కూర్చొని ఉండబట్టే మొరాయించేవేమో కూడా.

మా అమ్మ నర్సు. సర్కారాసుపత్రిలో ఉద్యోగం. పెరటాసి వచ్చిందంటే నైటు డ్యూటీలు అడిగి వేయించుకునేది. పొద్దున వచ్చి రెండు ముద్దలు తిని, నిద్రపోకుండా అరుగు మీద చేరేది. పక్కన సత్తు బేసినులో ఉప్పు కలిపిన వేన్నీళ్లు, పాత పంచెలు చించిన గుడ్డ పీలికలు, స్పిరిట్లో వేసిన సూది, గాజు సీసాలో జీవీ పెయింటు. ఆ రోజుల్లో పుండైనా, నోటిపూతైనా, వేలు తెగినా అదే మందు. పిలకాయలం మేము దాన్ని వంకాయరంగు మందు అనేవాళ్లం.

పొక్కులెక్కిన పాదాన్ని ముందు నీళ్లలో పెట్టించేది. దుమ్ము కరిగి నీళ్లు ఎర్రగా మారేదాకా ఆగేది. తర్వాత ఆ కాలును తన ఒడిలో పెట్టుకొని, గుడ్డతో అద్ది, పొక్కుకు అంచున సూదితో చిన్న బెజ్జం పెట్టేది. నీళ్లు కారిపోయేదాకా బొటనవేలితో మెల్లగా నొక్కేది. పైతోలు మాత్రం తీయనిచ్చేది కాదు. ఎవరైనా పీకబోతే చేతి మీద ఒక్కటి వేసేది. ‘ఆ తోలే నీకు చెప్పు. దాన్ని పీకేస్తే కొండెట్లా ఎక్కుతావు?’ అనేది, తమిళంలోనే. వేలూరులో నర్సింగు చదివింది గనక తమిళం ఇంట్లో మాట లెక్క వచ్చేది. ఆఖర్న వంకాయరంగు మందు పూసి, గుడ్డ చుట్టి, లోటాతో మజ్జిగ ఇచ్చేది. అల్లం, పచ్చిమిరపకాయ, కరేపాకు దంచి వేసిన నీళ్ల మజ్జిగ. ‘పోయి రండి’ అనేది. అంతే.

పసుపు పంచె కింద వంకాయరంగు పాదాలు. ఆ రంగులు రెండూ పక్కపక్కన ఎక్కడ కనబడినా ఇప్పటికీ నాకు రోడ్డు దుమ్ము వాసన వస్తుంది.

మందు మా అమ్మ వేళ్లకూ అంటుకునేది. సబ్బుకు పోదు. ఆ నెల ఆదివారాల్లో చర్చిలో ప్రభురాత్రి భోజనం తీసుకోవడానికి ఆమె చేతులు చాపితే పది వేళ్లూ వంకాయరంగులో ఉండేవి. వెనక బెంచీలో గుసగుసలు నాకు వినబడేవి. ‘గోవిందల కాళ్లు కడిగి వచ్చింది.’

సంఘంలో కొందరికి అది నచ్చేది కాదు. కొండకు పోయేవాళ్ల కాళ్లకు మందు పూసి పంపితే విగ్రహం దగ్గరికి మనమే తోలినట్టు కాదా అని ఒక పెద్దాయన మా నాయన్ని నిలబెట్టి అడిగినాడు. మా నాయన తాలూకాఫీసులో గుమాస్తా. ఎవరికీ ఎదురుచెప్పే మనిషి కాదు. ఇంటికొచ్చి మా అమ్మ మీద విసుక్కున్నాడు. ‘సరే, కాళ్లు కడగతావు, కడుగు. నోరు తెరిచి ప్రభువు గురించి ఒక్క మాటన్నా చెప్పొచ్చు గదా. అన్యులు ఇంటి ముందరికే వస్తా ఉండారు, సాక్ష్యం చెప్పేదానికి ఇంతకంటే ఏం కావాల?’

మా అమ్మకు ‘అన్యులు’ అనే మాట గిట్టదు. ‘వాళ్లకు పేర్లు లేవా?’ అనింది. ఆ రోజు అంతకుమించి మాట్లాడలేదు. మా నాయన కూడా పెరుగు ఖర్చు గురించి ఏదో గొణిగి ఊరుకున్నాడు.

ఎదురుగా చిల్లర అంగడి ఉండేది. ఆ అంగడాయనది ఇంకో అనుమానం. ‘ఊరికే ఎవరు పోస్తారప్పా మజ్జిగ? ఈరోజు మజ్జిగ, రేపు మతం’ అని సరుకులకొచ్చిన వాళ్లందరితో అనేవాడు. మా వాళ్లకేమో మా అమ్మ బోధ చేయడం లేదని బాధ, ఆయనకేమో చేస్తా ఉందని బాధ. మధ్యలో మా అమ్మ పొక్కులు పగలగొట్టుకుంటా కూర్చునేది.

ఆమెకు ఈ పని ఎక్కడ పట్టుబడిందో చెప్పాలంటే రెండు ఊళ్లు చెప్పాల.

ఒకటి వేలూరు. అక్కడ చదివినోళ్లకు ఐడా స్కడర్ దొరసాని కథ పాఠంలో భాగం కాదు, అన్నంలో భాగం. ఆమె తండ్రి తిండివనంలో మిషనరీ డాక్టరు. ఒకే రాత్రి ముగ్గురు మొగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తలుపు తట్టి, కాన్పు కష్టమై భార్య చచ్చిపోతా ఉంది, ఆడమనిషివి నువ్వు రా అని ఐడాను అడిగినారు. ఆమెకేమో వైద్యం తెలియదు. తెలిసిన తండ్రినేమో వాళ్లు రానియ్యరు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ పోయినారు. ఆమె అమెరికాకు పోయి డాక్టరై తిరిగొచ్చి, 1900లో ఒక్క మంచంతో వేలూరులో మొదలుపెట్టిందే ఇప్పటి సీఎంసీ, అంటే క్రిస్టియన్ మెడికల్ కాలేజీ. మా అమ్మకు అన్నిటికంటే నచ్చిన ముక్క ఇంకోటి. ఆ దొరసాని గుడియాత్తం రోడ్డు వెంట బండి కట్టుకొని పోయి, చెట్ల కింద ఆగి, దారిన కాచుకున్న వాళ్లకు మందులిచ్చేది. అదే గుడియాత్తం రోడ్డు మీద నుంచే మా గోవిందలు వచ్చేది. ‘ఆమె చెట్టు కింద చేసింది. నాకు అరుగన్నా ఉంది’ అనేది మా అమ్మ. ఆ కాలేజీ గుర్తు మీద రాసుండే మాట కూడా అదే గదా, పరిచారము చేయించుకొనుటకు కాదు, చేయుటకు.

రెండోది ఆరోగ్యవరం. అది మా తాత, అంటే మా అమ్మ నాయన కథ.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆసుపత్రి తెరిచినారు. డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ డాక్టరు దాన్ని నిలబెట్టినాడు. మా తాతది పలమనేరు పక్క పల్లె. సేద్యగాడు, పట్టింపుల మనిషి. 1946లో రక్తం కక్కితే పట్టుకొచ్చి అక్కడ చేర్చినారు. స్ట్రెప్టోమైసిన్ ఇంకా మన పల్లెలకు చేరని కాలం. మందు అంటే గాలి, పాలు, గుడ్డు, కదలకుండా పడుకోవడం. మరీ అవసరమైతే రొమ్ములోకి సూదితో గాలి ఎక్కించి ఊపిరితిత్తిని అణచిపెట్టేవాళ్లు. ఇంటి దగ్గర ఉన్న నాలుగు నెలలూ మా తాత తిన్న గిన్నెను కొట్టంలో బోర్లించినారు. కన్నతల్లి కూడా కడగలేదు. ఆమెను తప్పుపట్టను, ఇంట్లో ఇంకా నలుగురు పిలకాయలు ఉండారు.

ఆరోగ్యవరంలో మంచం పక్కన మూతపెట్టిన ఉమ్ము డబ్బా ఉండేది. రోజూ పొద్దున ఒకామె వచ్చి దాన్ని తీసుకుపోయి, కడిగి, మందునీళ్లు పోసి మళ్లీ పెట్టేది. మా తాత తన ఇంటి గడప కూడా తొక్కనియ్యని కులం ఆమెది. మొదట్లో మొహం తిప్పుకునేవాడంట. మూడో నెలలో ఒకరోజు అడిగినాడంట, ‘నీకు భయం లేదా?’ అని. ‘భయముండాది నాయినా. అయినా ఎవరో ఒకరు కడగాల గదా’ అనిందంట. ఇంకేం చెప్పలేదు. మా తాతే వెంటబడి అడిగి అడిగి తెలుసుకున్నాడు, ఆ యమ్మ ఆదివారం ఎక్కడికి పోతుందో, ఏం పాడుతుందో. నయమై బయటికి వచ్చినాక ఏడాది తిరక్కుండానే బాప్తిస్మం తీసుకున్నాడు. మా ఇంట్లోకి క్రీస్తు వచ్చిన దారి ఇదీ. కరపత్రంలో రాలేదు, కూటంలో రాలేదు.

ఈ కథ నాకు చిన్నప్పుడు తెలుసు. తెలిసీ చేసినాను నేను చేసిన పని.

1983. నాకు పదకొండేళ్లు. సండే స్కూల్లో పోటీ పెట్టినారు. ఎవరు ఎక్కువ కరపత్రాలు పంచితే వాళ్లకు బొమ్మల బైబిలు. రంగుల అట్ట, లోపల నోవహు ఓడ బొమ్మ రెండు పేజీల నిండా. మా తరగతిలో ఒకడు బస్టాండులో పంచి అప్పటికే వంద దాటించినాడు. నాకేమో బస్టాండు అంటే సిగ్గు. తెలిసినోళ్లు ఎవరన్నా చూస్తే? అప్పుడు వెలిగింది బుర్రలో. జనం మా అరుగు మీదకే వస్తా ఉంటే బస్టాండు ఎందుకు?

మా అమ్మ కాళ్లకు మందు పూస్తా ఉంటే మూటలన్నీ గోడకు ఆనించి పెట్టేవాళ్లు. మజ్జిగ అందించే వంకతో ఒక్కొక్క మూటలో ఒక్కొక్క కరపత్రం దోపినాను. ‘నీవు ఎక్కడికి పోవుచున్నావు?’ అని పైన పెద్ద అక్షరాలు. తెలుగు కరపత్రం తమిళుల మూటలో ఏం చేస్తుందని కూడా తోచలేదు. లెక్క ముఖ్యం. ఒక గుంపులో ఇరవై ఆరు.

గుంపు లేచి ముందుకు కదిలింది. ఒక ముసలాయన మాత్రం వెనకబడినాడు. నుదుట నామం సరిచేసుకోవడానికి మూట విప్పి తిరుచూర్ణం డబ్బా కోసం వెతికితే నా కాగితం చేతికొచ్చింది. చదవడం రాదేమో, తిప్పి తిప్పి చూసినాడు. సిలువ బొమ్మ చూసినాడు. మా వాకిలి మీది సిలువ చూసినాడు. తర్వాత లేచి వచ్చి, రెండు చేతులతో పట్టుకొని మా అమ్మకు ఇచ్చినాడు. ‘అమ్మా, నీ పిల్లోడు ఏదో మర్చిపోయినట్టుండాడు. ముఖ్యమైన కాగితమేమో.’

ఆయనకు అర్థం కాలేదని ఇప్పటికీ నేను అనుకోను. అంత మర్యాదగా తిరిగిచ్చిన మనిషికి అర్థం కాకుండా ఉంటుందా?

మా అమ్మ నా వైపు చూసింది. ‘ఎన్ని పెట్టినావు?’

చెప్పినాను.

‘సైకిలెక్కు. ఇరవై ఐదూ వెనక్కి తీసుకొని రా. ప్రతి ఒక్కరినీ అడిగి తీసుకో.’

‘దేవుని మాటే గదమ్మా’ అన్నాను.

‘అవును. దొంగతనంగా పెట్టినావు. దేవుని మాట దొంగసొమ్మా?’

నాకూ పౌరుషం వచ్చింది. సండే స్కూల్లో కంఠతా పట్టినోణ్ని. ‘ప్రభువే మనుష్యులను పట్టు జాలరులు అన్నాడు గదా’ అన్నాను. మా అమ్మ చేతిలో సూది పక్కన పెట్టింది.

‘వాళ్లది వల నాయినా. గాలం కాదు. ఎర గుచ్చి వేసేది గాలానికి. నా మజ్జిగను ఎర చేసినావు గదరా.’

సైకిలు తొక్కుకుంటా పోయినాను. గుంపు ఒక చింతచెట్టు కింద కూర్చొని ఉంది. పోయి నిలబడినాను గానీ నోట మాట రాలేదు. ఏడుపొచ్చింది. కాసేపటికి ఒక ఆడమనిషి దగ్గరికి పిలిచి ఏమయిందని అడిగితే చెప్పినాను. వచ్చీరాని తమిళం, ఏడుపు కలిసిన తెలుగు. కొందరు నవ్వినారు. ఒకాయన మాత్రం కాగితాన్ని ఉండచుట్టి నా ముందర పారేసినాడు. ఆయన కోపం న్యాయమే. మొక్కుకొని నడిచేవాడి మూటలో ఇంకొకడు చెయ్యి పెట్టడమేంది? ఇంకొకామె కాగితం ఇయ్యకుండా అట్టే పట్టుకొని అడిగింది, ‘దీంట్లో మీ అమ్మ పేరుందా?’ అని. లేదన్నాను. ‘అయితే నాకెందుకు’ అని ఇచ్చేసింది.

ఇరవై నాలుగు దొరికినాయి. ఒకటి తక్కువ. ఆ ఒకటి ఎవరి మూటలో కొండెక్కిందో వెంకటరమణుడికే ఎరుక. ఇప్పుడంటే తిరుమలలో అన్యమత ప్రచారం చేయకూడదని 2007లో చట్టమే వచ్చింది. మా అరుగు మీద మాత్రం ఆ చట్టం 1983లోనే అమల్లోకి వచ్చింది.

బొమ్మల బైబిలు బస్టాండు వాడికే పోయింది.

ఆ రాత్రి మా అమ్మ బైబిలు తెచ్చి పేతురు మొదటి పత్రిక, మూడో అధ్యాయం, పదిహేనో వచనం నా చేత చదివించింది. ‘హేతువు అడుగు ప్రతివానికిని’ అన్న చోట వేలు పెట్టి ఆపింది. ‘ఏమని ఉంది? అడుగు ప్రతివానికి అని ఉంది. అడగనోనికి అని ఉందా?’ మా నాయన పక్కనే కూర్చొని పేపరు చదువుతా ఉన్నాడు. పేపరు దించలేదు గానీ పేజీ తిప్పడం ఆపేసినాడు. పాఠం నాకొక్కడికే కాదని నాకు అప్పుడు తెలియలేదు.

రెండేళ్ల తర్వాత అనుకుంటా, పెరటాసిలోనే మా అమ్మకు కామెర్లు వచ్చినాయి. లేవలేని స్థితి. మొదటి శనివారం గోవిందలు వచ్చే వేళకు అరుగు ఖాళీ. లోపల పడుకున్న మా అమ్మకు ఆ కేకలు వినబడతా ఉంటే కళ్ల నీళ్లు పెట్టుకుంది. నేను, మా నాయన మజ్జిగ చేద్దామని చూస్తే అది మజ్జిగ కాలేదు, ఉప్పునీళ్లయింది. బయట ఏదో చప్పుడైతే చూసినాం. ఎదురంగడాయన కుండ ఎత్తుకొని రోడ్డు దాటి వస్తా ఉన్నాడు. మా అరుగు మీద పెట్టి, మూత తీసి, లోటా వేసినాడు. ‘జనం ఈడే ఆగే అలవాటు. నా అంగడి ముందర పెడితే ఎవరూ ఆగరు’ అన్నాడు మా నాయనతో, కొంచెం దబాయింపుగానే. నెల దాటేదాకా రోజూ పోసినాడు. ఆయన క్రైస్తవుడు కాలేదు. మతం మాట మళ్లీ ఎత్తనూ లేదు. క్రిస్మస్‌కు మేము పంపే నిప్పట్ల పళ్లెం అంతకుముందు అంగడి బల్ల మీదే ఉండిపోయేది, ఆ ఏడు నుంచి ఖాళీ పళ్లెంలో బెల్లం పెట్టి తిరిగి పంపించేవాడు. చిత్తూరు బెల్లం, అచ్చు మీద వేలి గుర్తులు పడినది.

ఒక ముసలమ్మ ఉండేది. గుడియాత్తం దగ్గరి పల్లె. ఏటేటా వచ్చేది. ఎడమకాలి మడమ పగిలి లోపలి ఎరుపు కనబడేది, అయినా చెప్పు తొడగదు, మొక్కు. మా అమ్మ ఆమెను ‘అవ్వా’ అని పిలిచి, నెలముందు నుంచే ఆమె కోసం గాజుగుడ్డ దాచిపెట్టేది. ఒక ఏడు, నేను టెన్త్‌లో ఉన్నట్టు గుర్తు, మందు పూయించుకుంటా పూయించుకుంటా ఆ యమ్మ మా అమ్మ చెయ్యి పట్టుకొని ఆపింది. ‘నీకూ మా స్వామికీ సంబంధం లేదు గదా తల్లీ. మరెందుకు చేస్తావు ఇదంతా?’ అని అడిగింది.

అంతవరకూ ఎవరూ అడగలేదు. నా గుండె దడదడలాడింది. పేతురు పత్రిక గుర్తొచ్చింది. ఇప్పుడు మా అమ్మ ఏం చెబుతుందో వినాలని చెవులు రిక్కించినాను. మా అమ్మ నా వైపు తిరిగి, ‘నీళ్లు చల్లారిపోయినాయి, లోపలికి పోయి వేన్నీళ్లు పట్టుకురా’ అనింది.

కట్టెల పొయ్యి. నీళ్లు కాగేసరికి చాలాసేపే అయింది. బిందె ఎత్తుకొని బయటికి వచ్చేసరికి ఇద్దరూ మాట్లాడటం అయిపోయింది. ముసలమ్మ కళ్లు తుడుచుకుంటా ఉంది. మా అమ్మ మడమకు గాజుగుడ్డ చుడతా ఉంది. ‘గోవిందా’ అని లేచి, మా అమ్మ నెత్తిన చెయ్యి పెట్టి, కర్ర పట్టుకొని వెళ్లిపోయింది ఆ యమ్మ.

ఆ రోజు అడగలేకపోయినాను. తర్వాత చదువులు, ఉద్యోగం, హైదరాబాదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అరుగు పోయింది. మా అమ్మ రిటైరైంది. ఒక సెలవుల్లో ఇంటికి పోయి, వంటింటి గడప మీద కూర్చొని కాఫీ తాగుతా ఉంటే ఎందుకో ఆ మాట గుర్తొచ్చింది. ‘అమ్మా, ఆ గుడియాత్తం అవ్వ ఎందుకు చేస్తావు అని అడిగింది చూడు, ఏం చెప్పినావు?’ అన్నాను.

మా అమ్మ బియ్యంలో రాళ్లు ఏరతా ఉంది. చేట పక్కన పెట్టకుండానే చెప్పింది.

‘మా నాయన ఉమ్ము డబ్బా కడిగిన ఆమె సంగతి చెప్పినా.’

‘అంతేనా?’

‘ఆ యమ్మ పేరేంది అని అడిగింది అవ్వ. మా నాయన చెప్పిన పేరు చెప్పినా. అంతే.’ చేట ఒకసారి ఎగరేసి, ‘పొయ్యి మీద పాలు పెట్టినా, పొంగుతాయేమో చూడుపో’ అనింది.